పల్నాట గృహ వ్యర్థాలు: వేరు చేసే చేతులు ఎవరివి?

(స్మారకోపన్యాస పాఠం)

ఇంటి నుంచి రోజూ బయటపడే చెత్త విషయంలో పురపాలక యంత్రాంగం సాధారణంగా వేసుకునే ప్రశ్న దానిని ఎక్కడికి తరలించాలన్నది. అంతకంటే ముందు తేలవలసినది, ఆ చెత్తలోని తడినీ పొడినీ, పనికివచ్చేదానినీ ప్రమాదకరమైనదానినీ ఎవరు, ఏ దశలో వేరు చేస్తున్నారన్నది. వేరు చేయడమనే పని ఎవరో ఒకరు చేయక తప్పదు. ఇంట్లో జరగకపోతే అది వీధిలో జరుగుతుంది, వీధిలోనూ జరగకపోతే ఊరి చివరి చెత్తదిబ్బ మీద జరుగుతుంది. దశ దాటినకొద్దీ పని కష్టమవుతుంది, దొరికే వస్తువు విలువ పడిపోతుంది, పని చేసే చేతులకు ప్రమాదం పెరుగుతుంది. వాహనాలు, యంత్రాలు, కొలుముల ప్రయోజనమంతా ఈ వేర్పాటు ఇంట్లో జరగడం మీద ఆధారపడి ఉందనీ, పల్నాడు జిల్లా పట్టణాల, గ్రామాల స్థితిగతులు ఇతర ప్రాంతాల కంటే స్పష్టంగా ఈ సంగతిని రుజువు చేస్తున్నాయనీ చూపడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఉన్నవ లక్ష్మీనారాయణ (1877–1958) స్మృతికి సమర్పించే ప్రసంగానికి ఈ విషయాన్ని ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది. నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టి, డబ్లిన్‌లో బారిస్టరు చదువు ముగించుకొని వచ్చిన ఆయన, అడవిలో పశువులను మేపుకోవడానికి ప్రభుత్వం వసూలు చేసే పన్నును, అంటే పుల్లరిని, పల్నాటి రైతులు ధిక్కరించినప్పుడు వారి పక్షాన నిలిచి జైలుకు వెళ్లారు. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు ప్రాణాలర్పించిన ఉద్యమం అదే. జైలులో ఉన్నవ రాసిన ‘మాలపల్లి’ 1922లో వెలువడి ప్రభుత్వ నిషేధానికి గురైంది. పుల్లరి పోరాటం ఉమ్మడి వనరుపై ప్రజల హక్కుకు సంబంధించినది, ‘మాలపల్లి’ ఊరి అంచున బతికే శ్రామికుల గౌరవానికి సంబంధించినది. ఊరి చెత్త ఈ రెండింటినీ ఒకచోట కలిపే విషయం. వీధి, వాగు, కాలువ, గాలి అందరి ఉమ్మడి ఆస్తి కాగా, వాటిని శుభ్రంగా ఉంచే శ్రమ మాత్రం కొన్ని కులాల నెత్తిన, అందులోనూ ఎక్కువగా స్త్రీల నెత్తిన, తరతరాలుగా ఉండిపోయింది.

పాత పల్లెలో వ్యర్థమనదగినది చాలా తక్కువగా ఉండేదన్న మాట అతిశయోక్తి కాదు. బియ్యం కడిగిన నీళ్లూ, గంజీ, కూరగాయల తొక్కలూ కుడితి గోలెంలోకి పోయి గేదెల కడుపు నింపేవి. పేడ పిడకగానో కల్లాపిగానో మారగా మిగిలినది, పొయ్యిబూడిదతో, పశువులు తినగా మిగిలిన చొప్పతో కలిసి దొడ్లోని పెంటదిబ్బకు చేరేది. ఏడాదంతా మాగిన ఆ పెంటను తొలకరికి ముందు బండ్లకెత్తి పొలానికి తోలేవారు. గొర్రెల కాపరులు రాత్రిళ్లు మందను చేలో నిలిపి ఎరువు పెట్టినందుకు రైతు నుంచి ధాన్యమో డబ్బో పుచ్చుకునేవారు. పాత చీరలు బొంతలయ్యేవి, పగిలిన ఇత్తడి మరమ్మతుకు పోయేది. పెంటదిబ్బ రైతు ఇంటి ఆస్తిలో భాగం. దాని పరిమాణాన్ని బట్టి ఆ ఇంటి పాడిని, వ్యవసాయాన్ని అంచనా కట్టేవారు. నేటి పరిభాషలో చక్రీయ ఆర్థిక వ్యవస్థ అని పిలుస్తున్నది, అంటే ఒక పనిలో మిగిలిన పదార్థం మరొక పనికి ముడిసరుకుగా తిరిగివచ్చే ఏర్పాటు, ఆ పేరు లేకుండానే ఇక్కడ నడిచింది.

అయితే ఆ వ్యవస్థను ఆదర్శంగా నిలబెట్టే ముందు దాని రెండో ముఖాన్ని చూడడం న్యాయం. పశువు చస్తే దాన్ని ఈడ్చుకుపోవలసినవారు, వీధులు ఊడ్వవలసినవారు, పట్టణాల్లో మరుగుదొడ్లు పుట్టినప్పుడు మలాన్ని ఎత్తవలసినవారు పుట్టుకతోనే నిర్ణయమై ఉండేవారు. 1915లో ఏర్పడిన నరసరావుపేట పురపాలక సంఘం వంటి సంస్థలు పారిశుద్ధ్యాన్ని ప్రభుత్వ బాధ్యతగా మార్చినా, ఆ పనికి మనుషులను అవే వాడల నుంచి తెచ్చుకున్నాయి. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒకటి, 2013లో మరొకటి చట్టాలు రావలసి వచ్చింది. కోలారు బంగారు గనుల ప్రాంతంలోని తెలుగు మాట్లాడే పారిశుద్ధ్య కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ దురాచారంపై సాగించిన పోరాటానికి 2016లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. వస్తువులు వృథా కాని పాత పద్ధతిలోని మేలును తిరిగి తెచ్చుకోవడం, ఆ పని భారాన్ని కులం మీద వేసిన అన్యాయాన్ని మాత్రం తిరిగి రానివ్వకపోవడం, ఈ రెండూ కలిసి జరిగితేనే సంస్కరణ అనిపించుకుంటుంది.

పెంటదిబ్బ కనుమరుగు కావడానికి కారణాలు పల్నాటి ఆర్థిక చరిత్రలోనే ఉన్నాయి. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు వదిలిన తరువాత జొన్న, సజ్జ వంటి మెట్ట పంటల స్థానంలో వరి, పత్తి, మిరప విస్తరించాయి; ట్రాక్టరు వచ్చి ఎడ్ల అవసరాన్ని తగ్గించింది; రసాయనిక ఎరువు బస్తాలో దొరికింది; మేత భూములు కరిగిపోయాయి. పశువు లేని ఇంట్లో కూరగాయల తొక్క తినేవారెవరూ లేక చెత్తగా మారింది. అదే కాలంలో నూనె, పప్పు, షాంపూ, బిస్కెట్టు అన్నీ ప్యాకెట్లలోకి ఎక్కాయి. ఆ చిన్న ప్యాకెట్లలో అనేకం ప్లాస్టిక్, అల్యూమినియం పొరలను అంటించి చేసినవి కావడం వల్ల, పొరలను విడదీయడం లాభసాటి కాక, పాత సామాన్ల వర్తకుడు కూడా వాటిని ముట్టడు. లక్ష జనాభా ఉన్న పట్టణంలో తలకు రోజుకు 400 గ్రాములుగా లెక్కించినా 40 టన్నుల చెత్త పోగవుతుంది. నరసరావుపేట జనాభా 2011 నాటికే లక్ష దాటింది.

చెత్తను ఊరి వెలుపల గుట్టగా పోయడం వల్ల కలిగే హాని పల్నాటి నేలలో కొంత ప్రత్యేకమైనది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకూ, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సిమెంటు పరిశ్రమకూ ఆధారమైన సున్నపురాయి ఈ భూమి కింద విస్తారంగా పరుచుకొని ఉంది. నీరు ఆ రాతిని యుగాల తరబడి కరిగిస్తూ పగుళ్లనూ బొరియలనూ ఏర్పరుస్తుంది, గుత్తికొండ బిలం అటువంటి సహజ నిర్మాణమే. రాయి తీయగా మిగిలిన గుంతలు చెత్త నింపడానికి సిద్ధంగా ఉన్న చోట్లుగా కనిపిస్తాయి కానీ, తడి చెత్త కుళ్లినప్పుడు కారే నల్లని ఊటనీరు, అందులో కరిగిన లోహాలూ రసాయనాలూ, మట్టిలో వడకట్టబడే అవకాశం లేకుండా ఆ పగుళ్ల గుండా నేరుగా భూగర్భజలాన్ని చేరగలవు. పైగా గాలి సోకని గుట్ట లోపల తడి పదార్థం కుళ్లితే మీథేన్ పుడుతుంది. నూరేళ్ల కాలవ్యవధికి లెక్కిస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. వేసవిలో దిబ్బలు అంటుకొని రోజుల తరబడి పొగలు కక్కడానికీ ఈ వాయువు తోడ్పడుతుంది.

దేశంలో ఈ విషయం న్యాయస్థానానికి ఎక్కినది అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంతో. దాని ఫలితంగా 2000లో పట్టణ ఘనవ్యర్థాల నియమావళి వచ్చింది, 2016లో దాని స్థానంలో వచ్చిన కొత్త నియమావళి తడి, పొడి, ప్రమాదకర గృహ వ్యర్థాలు అనే మూడు రకాలను పుట్టినచోటే వేరు చేసి ఇవ్వడం ప్రతి గృహస్థు విధిగా ప్రకటించింది. వీటి మధ్యకాలంలోనే, 2003 ప్రాంతంలో, కృష్ణానదికి ఆవలి ఒడ్డున పల్నాటికి పొరుగున ఉన్న సూర్యాపేటలో కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ ఇంటింటికీ రెండు బుట్టల పద్ధతి పెట్టి, వీధి కుండీలను తొలగించి, తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చి, పొడి చెత్తను అమ్మి చూపించారు. ఆ పని పెద్ద పెట్టుబడి లేని చిన్న పట్టణంలో, కొత్త యంత్రమేదీ లేకుండా సాధ్యపడిందన్న అంశానికి రావలసినంత గుర్తింపు రాలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం పట్టణాల్లో ఇంటికి మూడేసి డబ్బాలు, తడికి ఆకుపచ్చ, పొడికి నీలం, ప్రమాదకర వ్యర్థాలకు ఎరుపు, పంపిణీ చేసి, చెత్త బండ్లను వీధుల్లోకి తెచ్చింది. దానితోపాటు వసూలు చేసిన రుసుము జనం నోట చెత్త పన్నుగా స్థిరపడి నిరసనకు గురైంది. దానిని రద్దు చేస్తున్నట్లు 2024 అక్టోబరు 2న ప్రభుత్వం ప్రకటించింది. ఈ వివాదంలో చర్చంతా రుసుము చుట్టూ తిరిగి, డబ్బాల్లో పడుతున్నది నిజంగా వేరు అవుతున్నదా లేదా అన్నది మరుగున పడింది. మూడు డబ్బాలలో ఒకటి బియ్యానికి, ఒకటి నీళ్లకు వాడుకున్న ఇళ్లను తప్పుపట్టడం సులభం. ఇంట్లో వేరు చేసి ఇచ్చినదాన్ని బండిలో ఒకే అరలోకి దిమ్మరించడం కళ్లారా చూసిన గృహిణి మరునాడు వేరు చేయడం మానేస్తే ఆ తప్పు ఆమెది కాదు. వేరు చేసే అలవాటు నిలవాలంటే, వేరుగా ఇచ్చినది చివరిదాకా వేరుగానే వెళ్లుతున్నదన్న నమ్మకం ఇంటివారికి కలగాలి.

యడ్లపాడు మండలంలో, కొండవీటి కోట పాదాల దగ్గర, చెత్త నుంచి విద్యుత్తు తీసే 15 మెగావాట్ల జిందాల్ కర్మాగారం ఉంది. గుంటూరు, విజయవాడలతోపాటు పరిసర పురపాలక సంఘాల చెత్త అక్కడికి చేరుతుంది. ఇటువంటి కర్మాగారం ఉంటే ఇంట్లో వేరు చేయనక్కరలేదన్న భావన విద్యావంతుల్లో కూడా కనిపిస్తుంది, కానీ మండే ధర్మాన్ని పరిశీలిస్తే అది నిలవదు. ఒక కిలో చెత్త మండినప్పుడు వెలువడే వేడిని దాని ఉష్ణవిలువ అంటారు. కిలోకు 1500 కిలోకేలరీలు, అంతకు మించి ఉష్ణవిలువ ఉండి, మరే విధంగానూ తిరిగి వాడలేని వ్యర్థాన్ని పూడ్చకుండా ఇంధనంగా వాడాలని 2016 నియమావళి చెప్పింది. సగానికి పైగా నీరున్న అరటితొక్కలూ మిగిలిన అన్నమూ కలిసినప్పుడు కొలిమి తన వేడిలో పెద్ద భాగాన్ని ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చు పెడుతుంది. సిమెంటు బట్టీల విషయమూ అంతే. పునర్వినియోగానికి పనికిరాని పొడి చెత్తను ఆరబెట్టి, ముక్కలు చేసి తయారుచేసే ఇంధనంతో, ఆ ఇంధన కేంద్రానికి 100 కిలోమీటర్ల లోపలి పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతాన్ని భర్తీ చేయాలని అదే నియమావళి నిర్దేశించింది. దాదాపు 1450 డిగ్రీల వేడిలో క్లింకరును కాల్చే బట్టీలు ఇన్ని ఉన్న పల్నాటికి ఇది వరమే. ఎవరూ కొనని ఆ పొరల ప్యాకెట్లకు ఇంతకంటే మంచి గతి ప్రస్తుతానికి లేదు. కానీ బట్టీకి కావలసినది పొడి సరుకు, అది దొరికేది ఇంట్లో వేరు చేసినప్పుడే. కాల్చడం ఆఖరి మెట్టుగా ఉండాలన్నది కూడా మరవకూడదు. తగ్గించగలిగినది, తిరిగి వాడగలిగినది, కరిగించి మళ్లీ చేయగలిగినది అన్నీ పోగా మిగిలినదానికే కొలిమి.

తడి చెత్తకు ఇంటి పెరడును, వాడలోని ఖాళీ స్థలాన్ని మించిన చోటు లేదు. కంపోస్టు అంటే సూక్ష్మజీవులు గాలి సమక్షంలో జీవపదార్థాన్ని విరగదీసి నల్లని ఎరువుగా మార్చడం. వాటికి కర్బనం, నత్రజని సుమారు 30కి 1 పాళ్లలో అందాలి. వంటింటి తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో, కొబ్బరిపొట్టులో కర్బనం ఎక్కువ. ఒక పొర తొక్కలు, దాని మీద ఒక పొర ఎండుటాకులు పరిస్తే పాళ్లు కుదురుతాయి, వాసన రాదు. అడుగున చిల్లులున్న మట్టికుండ చాలు. మాగడానికి సాధారణంగా రెండు నెలలు పట్టినా, పల్నాటి వేసవిని లెక్కలోకి తీసుకోక తప్పదు: రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడ్డ రెంటచింతల ఈ జిల్లాలోనే ఉంది. అక్కడి ఏప్రిల్, మే నెలల ఎండలో కుండలోని తేమ త్వరగా ఇగిరిపోయి పని ఆగిపోతుంది. వానపాములైతే 35 డిగ్రీలు దాటితే తట్టుకోలేవు. నీడ, తడి గోనెపట్టాలు, మధ్యాహ్నం ఒకసారి నీళ్లు చిలకరించే మనిషి, ఈ మూడు లేకుండా గ్రామాల్లో కట్టిన చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాల తొట్లు వేసవిలో ఖాళీగా పడి ఉండడంలో ఆశ్చర్యం లేదు. రేకుల షెడ్డు కట్టడానికి నిధులిచ్చి, దానిలో పనిచేసే మనిషి జీతానికి ఇవ్వకపోవడం ప్రణాళికలోని లోపమే గాని గ్రామస్థుల అలక్ష్యం కాదు.

పట్టణ గృహిణి దృష్టికి రాని, పల్నాటికి మాత్రం ప్రాణాంతకమైన వ్యర్థం ఒకటుంది: పురుగుమందు డబ్బా. మిరప, పత్తి చేలకు ఒక్కో కాపులో ఎన్నోసార్లు మందు కొట్టే ఈ ప్రాంతంలో, ఖాళీ డబ్బాలు చేలగట్ల మీద, కాలువ ఒడ్డున, ఇంటి చూరులో, చివరకు పాత సామాన్లవారి సంచుల్లో కూడా కనిపిస్తాయి. కొన్నిచోట్ల నీళ్లు పట్టుకోవడానికీ వాడతారు. ఖాళీ అయిన డబ్బా గోడలకు మందు అంటుకొనే ఉంటుంది. మందు కలిపేటప్పుడే డబ్బాను మూడుసార్లు శుభ్రమైన నీటితో కడిగి, ఆ కడుగునీటిని స్ప్రేయరు ట్యాంకులోనే పోసి, తరువాత మళ్లీ వాడకుండా డబ్బాకు చిల్లులు పొడవడం నిపుణులు చెప్పే పద్ధతి. దీనివల్ల కొన్న మందు చివరి బొట్టుదాకా చేనుకే దక్కుతుంది, డబ్బాలోని విషం చాలావరకు పోతుంది. 1971 నాటి భారతీయ క్రిమిసంహారక నియమాలు ఖాళీ డబ్బాలను పగలగొట్టి జనావాసాలకు దూరంగా పాతిపెట్టమంటాయి, కానీ ప్లాస్టిక్ రాజ్యమేలుతున్న నేటి కాలానికి, పగుళ్ల సున్నపురాతి నేలకు, ఆ సలహా సరిపోదు.

దీనికి బ్రెజిల్ చూపిన దారి పరిశీలించదగినది. 2000లో చేసిన చట్టం ప్రకారం అక్కడి రైతు కడిగిన డబ్బాలను ఏడాదిలోగా తిరిగి ఇవ్వాలి, అమ్మినవాడు ఎక్కడ ఇవ్వాలో బిల్లు మీదే రాయాలి, తయారీదారులు వాటిని సేకరించి కరిగించే ఖర్చు భరించాలి. తయారీదారులు 2000 దశకం మొదట్లోనే ఇందుకోసం ఉమ్మడి సంస్థను పెట్టుకున్నారు, మందుకు నేరుగా తగిలే ప్లాస్టిక్ డబ్బాలలో 90 శాతానికి పైగా నేడు అక్కడ వెనక్కి వస్తున్నాయి. భారతదేశంలోనూ ప్లాస్టిక్ ప్యాకింగు బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టే మార్గదర్శకాలు 2022లో వచ్చాయి. నరసరావుపేట, గురజాల, మాచర్ల పురుగుమందుల దుకాణాల్లోనూ, ప్రతి ఊరి రైతు సేవా కేంద్రంలోనూ ఒక తాళం వేసిన ఇనుప పంజరం పెట్టించి, అందులో పడిన డబ్బాలను కంపెనీల ఖర్చుతో తరలించే ఏర్పాటు చేయడానికి కొత్త చట్టం అవసరం లేదు. జిల్లా యంత్రాంగం పట్టుదల చాలు. పల్నాటిలో వ్యర్థాల గురించి ఒక్క పనే చేయగలిగితే, చేయవలసినది ఇదే.

చెత్త తగ్గించడం సామూహిక సందర్భాల్లో మరింత సులభమన్నది తిరునాళ్లు చెప్పే పాఠం. మహాశివరాత్రికి కోటప్పకొండ త్రికోటేశ్వరుని సన్నిధికి లక్షలాది జనం వస్తారు. ఊళ్లు పోటీపడి కట్టే ప్రభలు ఊరందరి చందాతో, ఊరందరి శ్రమతో లేస్తాయి. ఇంత కష్టాన్ని ఉమ్మడిగా మోయగల ఊళ్లు ప్రసాదాల పళ్లాలనూ గ్లాసులనూ ఉమ్మడిగా సమకూర్చుకోలేవనుకోవడం కష్టం. తెలంగాణలోని సిద్దిపేటలో విందులకు అద్దెకిచ్చే స్టీలు బ్యాంకులను మహిళా సంఘాలు నడిపాయి. కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టిన, పల్నాటి వీరగాథల బ్రహ్మనాయుని చాపకూడు సంప్రదాయం కారెంపూడి వీరుల ఉత్సవాల్లో నేటికీ నిలిచి ఉంది. తిన్న తరువాత మిగిలే విస్తళ్లను ఎత్తేవారెవరన్న ప్రశ్నను కూడా ఆ పంక్తిలో కూర్చున్నవారే తమ మీద వేసుకుంటే బ్రహ్మనాయుని ఆశయం మరొక అడుగు ముందుకు సాగుతుంది.

పొడి చెత్తకు బజారు ఎప్పటినుంచో ఉంది. పాత చీరలకు స్టీలు గిన్నెలు, రాలిన జుట్టుకు సామాన్లు, ఇనుముకూ ప్లాస్టిక్‌కూ ఉల్లిపాయలు ఇచ్చే వీధి వర్తకులు, చిత్తుకాగితాలు ఏరుకునే స్త్రీలు, గుజిరీ కొట్లు, వారి నుంచి కొనే పెద్ద వ్యాపారులు కలిసి ఒక్క రూపాయి ప్రభుత్వ ధనం లేకుండా పురపాలక సంఘాల భారాన్ని మోస్తున్నారు. పొడి చెత్తకు బదులుగా నిత్యావసర సరుకులు ఇచ్చే స్వచ్ఛ రథాలను రాష్ట్ర ప్రభుత్వం 2025లో గ్రామాలకు పంపనారంభించింది. ఇది వీధి వర్తకుల పాత పద్ధతినే ప్రభుత్వం స్వీకరించడం. అది మంచిదే, కాని అంతకుముందే ఆ పని చేస్తున్నవారి కూడు పోగొట్టకుండా చూడాలి. పుణెలో చిత్తుకాగితాలు ఏరేవారు 1993లో సంఘంగా ఏర్పడి, పురపాలక గుర్తింపు కార్డులు సంపాదించి, ఆ తరువాత స్వచ్ఛ్ అనే సహకార సంస్థ ద్వారా ఇంటింటి సేకరణను తామే చేపట్టారు. చెత్తదిబ్బ మీద వంగి ఏరిన చేతులే గడప దగ్గర నిలబడి, వేరు చేసిన డబ్బాను అందుకున్నాయి.

పల్నాటి పట్టణాల్లో ఇది జరగాలంటే ఖర్చు ఎవరిదన్న ప్రశ్న తేలాలి. చెత్త రుసుము పోయింది, పొరుగు సేవల కింద పనిచేసే పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, చేతితొడుగులు, బూట్లు, వైద్య పరీక్షలు ఆస్తిపన్ను నుంచే రావాలి. వార్డుకు ఒక పొడి చెత్త నిల్వగది, దాని తూకపు కాటా, ఏరుకునే స్త్రీలకు పేరుతో ఒక గుర్తింపు కార్డు, వారు తెచ్చినదానికి కాటా దగ్గరే చెల్లింపు, ఇవి పెద్ద మొత్తాలు కావు, ఏ పురపాలక సంఘమైనా తన బడ్జెట్ సమావేశంలో ఒక తీర్మానంతో మంజూరు చేయగలిగినవే.